ముందుకు వంగిన కడ్డీ

ఆ రోజుల్లో నందిగామ మీదుగా హైదరాబాదు రోడ్డున పోయే కార్లే తక్కువ. ఊళ్ళో నిలిచి ఉండే కార్లు మరీ తక్కువ. అలా నిలిచి ఉండేవాటిలో జగన్నాథరావు గారి నల్లకారు ఒకటి. ఎవరి కారని అడిగితే పెద్దవాళ్ళు జగన్నాథరావు గారి పేరు చెప్పేవారు. పిల్లలు మాత్రం కోటిలింగం కారు అనేవారు. జగన్నాథరావు గారు ఆ మాట విని నవ్వి ఊరుకునేవారు. ఆయన మితభాషి. వెనకసీట్లో కూర్చుంటే దిగేదాకా నోరు విప్పేవారు కాదు. పొలాలూ, మిరప తోటలూ ఆయన బుర్రలో తిరుగుతూ ఉండేవి.

కోటిలింగం పుట్టింది కీసరలో, మునేటి ఒడ్డున. తండ్రి రెండెడ్ల బండి తోలేవాడు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క, బస్సుల వెనక పెద్ద డబ్బా కట్టి అందులో బొగ్గు మండించి ఆ గ్యాసుతో నడిపేవారు. బెజవాడ రోడ్డు మీద తిరిగే అలాంటి బస్సుకు బొగ్గు వేసే పనిలో చేరాడు కోటిలింగం. మసి మొహంతోనే స్టీరింగు నేర్చాడు. లైసెన్సు వచ్చిన ఏడే పున్నమ్మను చేసుకున్నాడు. పెళ్ళిపీటల మీద కూడా అతని గోళ్ళలో బొగ్గు నలుపు పోలేదని పున్నమ్మ అందరికీ చెప్పి నవ్వేది. తర్వాత జగన్నాథరావు గారు కారు కొని, కీసర నుంచి అతన్ని పిలిపించుకున్నారు. పిల్లలు కలగలేదు. ఇద్దరూ జగన్నాథరావు గారి దొడ్డి పక్కన రెండుగదుల ఇంట్లో ఉండేవారు.

పున్నమ్మ ఆ ఏడు ఆషాఢంలో జ్వరంతో పోయింది.

కోటిలింగం ఏడవలేదు. కర్మకాండ అయిన మర్నాడే కారు తుడుస్తూ కనిపించాడు. పెట్టింది తినేవాడు, పొమ్మన్న చోటికి పోయేవాడు. పొద్దున లేచేసరికి కుండలో నీళ్ళు నిండి ఉండేవి. పొరుగింటి ఆరోగ్యమ్మ చర్చి గంట కొట్టకముందే వచ్చి పోసి వెళ్ళేది. ఎవరు పోస్తున్నారో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. జగన్నాథరావు గారి భార్య ప్రమీలారాణి గారు మధ్యాహ్నం క్యారేజీ పంపించేది. ఆ గిన్నెల్లో కూర ఏమిటని అడిగితే అతను చెప్పలేకపోయేవాడు. ఒళ్ళంతా తిమ్మిరెక్కినవాడికి చీమ కుట్టినా తెలియనట్టు, అతనికి లోకం తెలియడం మానేసింది. స్టీరింగు పట్టుకున్నప్పుడు మాత్రం చేతులకు తమ పని తెలిసేది. ఆ చేతుల వెంబడి మిగతా మనిషి కూడా ఎలాగో నడిచేవాడు.

కార్తీకం వచ్చింది. జగన్నాథరావు గారి తల్లి బసవమ్మ గారికి ఏటా వేదాద్రి వెళ్ళి కృష్ణలో స్నానాలు చేసి, నరసింహస్వామి సన్నిధిలో కొన్నాళ్ళు ఉండి రావడం అలవాటు. కోటిలింగం ఆమెను సత్రం ముందు దించి, మూటలు లోపల పెట్టి, ఒక్కడే బయల్దేరాడు. చిల్లకల్లు దగ్గర పెద్దరోడ్డు ఎక్కాలంటే ముందు ఒక వాగు దాటాలి. అది పెద్ద వాగేం కాదు, మోకాలి లోతు నీళ్ళు. అడుగున మాత్రం నాపరాళ్ళు పలకలు పలకలుగా లేచి ఉంటాయి.

వాగులోకి దిగే వాలు అతనికి గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది కారు ముందు రెండు ఎడ్లు, వాటి మెడ గంటల చప్పుడు. మధ్యలో ఏం జరిగిందో ఎంత వెదికినా దొరకలేదు.

నందిగామ చేరేసరికి పొద్దు వాలింది. అరుగు మీద కూర్చున్న జగన్నాథరావు గారి ఎదుట నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

"వాగులో అడుగున రాయి తగిలిందండి. బండి నిలిచిపోయింది. వాగు పక్క ఊరి రైతు, రత్తయ్యంట, ఎడ్లు కట్టి లాగాడు. అక్కణ్ణించి స్టీరింగు తిన్నగా ఉండటంలేదండి. ఒకసారి ఇటు లాగుద్ది, ఒకసారి అటు."

"నీకేం దెబ్బ తగల్లేదుగా?"

"లేదండి."

ఎదురుగా కిరాణా కొట్టు రామకోటేశ్వరరావు గారు బెల్లం చేతులు తుడుచుకుంటూ వచ్చి కారు చుట్టూ తిరిగారు. "నేను దసరానాడే అనుకున్నానండీ. ఈ నలుపు మీద ఊరి కళ్ళన్నీ పడ్డాయి. దిష్టి! నిమ్మకాయలు తొక్కించండి, చక్కబడుద్ది" అన్నారు. ప్రమీలారాణి గారు నిజంగానే గుమ్మడికాయ తెప్పించి దిష్టి తీయించింది. పిల్లలు ముక్కలు ఏరుకోబోతే కసిరింది. ఎవరిది వాళ్ళు తమకు తోచిన మేలు చేశారు. కోటిలింగం అన్నిటికీ పక్కన నిలబడి ఉన్నాడు.

అందరూ వెళ్ళాక జగన్నాథరావు గారు నెమ్మదిగా అన్నారు: "కోటిలింగం, నిన్ను అనాలని కాదు. ఆ వాగు నువ్వు ఎన్నిసార్లు దాటావో నాకు తెలుసు. రాయి నీకు తెలీనిది కాదు. నీ మనసు బాలేదు. కారు బాగుచేయించు. అమ్మని తీసుకురావడానికి కంచికచర్ల నుంచి వేరే డ్రైవరుకు కబురు చేస్తా. నువ్వు కొన్నాళ్ళు ఊరికే కూర్చో. ఇల్లు నీదే, తిండికేం లోటు లేదు."

మంచిమాటే. కోపం పిసరంత లేదు. కాని ఊరికే కూర్చోమన్న మాట దగ్గర కోటిలింగం చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. స్టీరింగు పోతే ఈ చేతులు ఎక్కడ పెట్టాలో అతనికి తెలియదు. అంతకన్నా పెద్ద సందేహం ఒకటి ఉంది. ఆ రాయి తను చూశాడా, చూడలేదా? చూసి కూడా ఊరుకున్నాడా? పెద్దమ్మగారు వెనక కూర్చున్నప్పుడే అలా జరిగి ఉంటే? దీనికి జవాబు కారు దగ్గరేమైనా ఉందేమో అడగాలనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే అంబారుపేట వైపు తీశాడు. అక్కడ రోడ్డు తాడు లాగినట్టు తిన్నగా ఉంటుంది. మెల్లగా పోనిస్తూ చేతులు రెండూ ఎత్తి చూశాడు. ఒకపక్కకే లాగితే టైర్లో గాలి తక్కువనో, బ్రేకు పట్టేసిందనో అనుకోవచ్చు. ఇది అలా కాదు. ముక్కుతాడు లేని ఎద్దులా కాసేపు కాలవ వైపు, కాసేపు రోడ్డు మధ్యకు పోతోంది. తిన్నగా పోవాలంటే స్టీరింగు వంకరగా పట్టుకోవాల్సి వస్తోంది. దిగి గాలి చూశాడు, సరిగానే ఉంది. జాకీ పెట్టి ముందుచక్రం పైనా కిందా పట్టి ఊపాడు. బేరింగు గట్టిగానే ఉంది. టైరు మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు. ఒకవైపుకు నిమిరితే నునుపు, రెండోవైపుకు నిమిరితే రంపంలా గరుకు. చక్రాలు తిన్నగా దొర్లడంలేదు, పక్కకు ఒరుసుకుంటూ పోతున్నాయి.

ఇంటిముందుకు తెచ్చి నులకతాడు తీశాడు. రెండో కొస పట్టుకునే మనిషి కావాలి. రామకోటేశ్వరరావు గారు కొట్లో బేరం వదిలేసి, పంచె ఎగ్గట్టి దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"నా చేత ఇదేం పూజ చేయిస్తున్నావయ్యా?"

"టైరు నడిమి గీత మీద పెట్టి పట్టుకోండి. బిగ్గా."

ముందుచక్రాలకు ముందువైపు, ఈ టైరు గీత నుంచి ఆ టైరు గీతకు తాడు కొలిచి ముడి వేశాడు. అదే తాడును అవే చక్రాలకు వెనకవైపు పెట్టారు. ఈసారి తాడు సడలి వేలాడింది. ముందు ఎడం ఎక్కువ, వెనక ఎడం తక్కువ.

"అంటే?" అన్నారు రామకోటేశ్వరరావు గారు.

"బాతు కాళ్ళలాగా బయటికి తిరిగినయ్యండి చక్రాలు."

"నా దిష్టి కాదన్నమాట" అని ఆయన మోకాళ్ళు దులుపుకున్నారు. "పోన్లే, గుమ్మడికాయ మంచికే కొట్టాం. వెళ్ళు, వీరరాఘవయ్యకు చూపించు."

వీరరాఘవయ్య షెడ్డు ఊరి చివర రోడ్డు పక్కన తాటాకుల పందిరి. అతను ఒకప్పుడు లారీ తోలేవాడు. కోటిలింగాన్ని చూస్తే ఎకసెక్కాలు ఆడకుండా ఉండలేడు.

"ఏం బావా, రాయి నీకు తగిలిందా, నువ్వు రాయికి తగిలావా?"

కోటిలింగం నవ్వలేదు. వీరరాఘవయ్య ఒక్క క్షణం అతని మొహం చూసి, ఇంకో ఎకసెక్కం నోటిదాకా వచ్చింది మింగేసి, గోనెపట్టా పరుచుకుని కారు కిందికి దూరాడు. లోపలి నుంచి మాటలు ఒక్కొక్కటే వచ్చాయి.

"సైలెన్సరు నొక్కుకుపోయింది... ఆయిలు చాంబరు గీరుకుంది. కారడంలా, అదృష్టం... ఇదంతా రాయి పనే. ఇంక రెండు చక్రాల్నీ కలిపే కడ్డీ వంగింది. అందుకే నీ చక్రాలు అట్టా ఉన్నయ్..." అక్కడ ఆగిపోయాడు. తర్వాత, "ఒరే, ఇట్రా. ఇది చూడు" అన్నాడు.

కోటిలింగం దూరి అతని పక్కన వెల్లకిలా పడుకున్నాడు.

"ఎటు వంగింది?" అని అడిగాడు వీరరాఘవయ్య.

"ముందుకు."

"నువ్వు ముందుకు పోతా రాయిని కొట్టుకున్నావు. రాయి అయితే దీన్ని వెనక్కి తొయ్యాలా, లేదా? ఇది విల్లులాగా ముందుకొచ్చింది. రాతి గీతన్నది ఒక్కటి లేదు దీనిమీద. నడిమిన మాత్రం మట్టీ తుప్పూ ఒరుసుకుపోయి తళతళలాడతంది." ఇరుకులోంచి చెయ్యి పెట్టి, కడ్డీకి అంటుకున్న జనపనార పీచు ఒకటి గిల్లి తీశాడు. "మోకు. దీనికి మోకు కట్టి లాగారు. ఎడ్లు లాగినయ్యన్నావే, ఎక్కడ కట్టారు?"

"చూళ్ళేదు."

"చూళ్ళేదా! నీ బండికి నీ ఎదురుగా మోకు కడతంటే..." అని వీరరాఘవయ్య మళ్ళీ మింగేశాడు. "సరే. ఏదైతేనేం, స్టీరింగు చెడగొట్టింది నువ్వు కాదు. అయ్యగారితో ఆ మాట చెప్పు. కంచికచర్లోణ్ణి రావద్దంటారు."

కడ్డీ విప్పి కొలిమిలో కాల్చి, దిమ్మె మీద పెట్టి సాపు చేసి, బూడిదలో నెమ్మదిగా చల్లారనిచ్చాడు. బెజవాడ నుంచి కొత్తది వచ్చేదాకా ఇది ఆగుతుందన్నాడు. మళ్ళీ బిగించి నులకతాడుతో కొలిస్తే ముందూ వెనకా సరిపోయింది. కారు తీసి చూస్తే రోడ్డు మీద తిన్నగా పోయింది. కోటిలింగానికి ఊరట కలగాలి. ఊరట ఎక్కడ కలగాలో ఆ చోటు కూడా తిమ్మిరెక్కే ఉంది.

"వాగుదాకా పోయొస్తా" అన్నాడు.

"దేనికి?"

"రత్తయ్యని అడగాలి."

వీరరాఘవయ్య షెడ్డుకు తడిక అడ్డం పెట్టి, తనూ ఎక్కి పక్కన కూర్చున్నాడు. ఆ దారి మీద కడ్డీ ఎలా ఆగుతుందో చెవి పెట్టి వినాలి అన్నాడు. వినాల్సింది కడ్డీని కాదని ఇద్దరికీ తెలుసు.

రత్తయ్య ఇంటిముందు వేరుశనక్కాయలు ఎండబోసి ఉన్నాయి. కారు చప్పుడు విని అతను తలపాగా సర్దుకుంటూ ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి, వెడల్పు అరచేతులు.

"డ్రైవరు గారా! రండి రండి. ఏవే దుర్గాంబా, మజ్జిగ తే. బానే చేరారా నిన్న? మీ ఒంట్లో బాలేదేమోనని మా వాళ్ళంతా అనుకున్నాం."

మజ్జిగ తాగేదాకా వీరరాఘవయ్య ఆగి, మెల్లగా అడిగాడు. "మోకు ఎక్కడ కట్టావు పెద్దాయనా?"

"ఇరుసుకే. బండి ఏదైనా ఇరుసుకేగా కట్టేది. నీళ్ళలో చెయ్యిపెట్టి తడిమితే గుండ్రంగా ఇనుము దొరికింది. అడ్డంగా ఈ చక్రం నుంచి ఆ చక్రానికి. దానికే రెండు మడతలేసి కట్టా. ఏం, తప్పయ్యిందా?"

రెండెడ్ల బండికి చక్రం నుంచి చక్రానికి అడ్డంగా ఉండే ఇనుము ఇరుసొక్కటే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ మనిషి ఎన్ని బండ్లు బురదలోంచి లాగాడో, అన్నీ అలాగే లాగి ఉంటాడు. కారులో అసలు ఇరుసు ఇంకొంచెం ముందుంటుంది. దాని వెనక సన్నగా ఉండే కడ్డీ చక్రాలను తిప్పేదని అతనికెలా తెలుస్తుంది!

"అది ఇరుసు కాదు పెద్దాయనా, స్టీరింగుది. వంగిపోయింది" అన్నాడు వీరరాఘవయ్య.

రత్తయ్య మొహం వాడిపోయింది. "అయ్యో, నరసింహస్వామీ! నా చేత్తోనే చెడగొట్టానా బండిని. నేను అడిగానయ్యా! మాకు కార్ల సంగతి తెల్దు, ఎక్కడ కట్టమంటారు బాబూ అని కిటికీ దగ్గరికొచ్చి రెండు మూడు మాట్లు అడిగా. ఈయన పలకలా."

"నేను పలకలేదా?" అన్నాడు కోటిలింగం.

"లేదయ్యా. చక్రం పట్టుకుని ముందుకు చూస్తా కూచున్నారు. మేం గట్టున శనక్కాయ పీకుతున్నాం. కారొచ్చి రాయెక్కి నిలిచింది. దిగుతారేమోనని చూశాం. ఎంతకీ దిగలా. నీళ్ళు తలుపులోంచి కారతన్నా దిగలా. అప్పుడు ఎడ్లు తోలుకొచ్చా."

"రాయి... కనపడేదేనా?"

రత్తయ్య తటపటాయించాడు. దుర్గాంబ చెంబు తీసుకుంటూ అంది: "కనపడద్ది బాబూ. మా ఊరి బండ్లన్నీ దాన్ని తప్పించుకునే పోతయ్. మీరూ నిన్న పొద్దున తప్పించుకునే పోయారు. వెనక పెద్దావిడ ఏందో చెప్తా ఉంది, మీరు ఊ కొడతా పోయారు. అప్పుడు బానే ఉన్నారుగా అని మేం చెప్పుకున్నాం."

కోటిలింగం లేచి రత్తయ్య చెయ్యి పట్టుకున్నాడు. "నీ తప్పేం లేదు పెద్దాయనా. నువ్వు అడిగావు, నేను చెప్పలేదు. ఎడ్లు రాకపోతే నేను అక్కడే కూచుందును." రత్తయ్య తువ్వాలు నిండా వేరుశనక్కాయలు పోసి మూటగట్టి కార్లో పెట్టాడు.

తిరుగుదారిలో వీరరాఘవయ్య అతని వైపు తిరిగాడు. "బావా, నా మాట విను. కడ్డీ మోకు వల్ల వంగింది. అది అబద్ధం కాదు. ఆ ఒక్క మాట అయ్యగారికి చెప్పు, చాలు. మిగతాది రత్తయ్య వాకిట్లోనే వదిలెయ్. స్టీరింగు లేకపోతే నువ్వు బతకవు."

"ఊ" అన్నాడు కోటిలింగం.

జగన్నాథరావు గారు దీపం పెట్టే వేళకు అరుగు మీదే ఉన్నారు. కోటిలింగం తాళంచెవి ఆయన పక్కన పెట్టి నిలబడ్డాడు. కడ్డీ సంగతి చెప్పాడు, మోకు సంగతి చెప్పాడు. జగన్నాథరావు గారి మొహం తేటపడింది. "అయితే నీ తప్పు కాదన్నమాట. మంచిది. నేనే తొందరపడ్డా" అని తాళంచెవి తీసి అతని వైపు చాపారు.

కోటిలింగం అందుకోలేదు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఆ రైతు వాకిట్లో విన్నదంతా ఒక్కొక్కటే చెప్పాడు. రాయి కనబడేదేనని, తను దాని మీదికే పోయాడని, నీళ్ళు లోపలికొస్తున్నా దిగలేదని, అడిగితే పలకలేదని. ఎవరి సంగతో చెబుతున్నట్టు, గొంతు ఎక్కడా మారకుండా చెప్పాడు.

"ఏమైందయ్యా నీకు?" అన్నారు జగన్నాథరావు గారు.

"తెలీదండి. వెనక చప్పుడు లేకపోతే ఒక్కోసారి అట్టా అవుద్దండి." అతని చూపు కారు మీదికి పోయింది. "పున్నమ్మని బెజవాడ ఆస్పత్రికి మన కార్లోనే తీసుకెళ్ళాగా. వెనక పడుకోబెట్టా. దారంతా మూలుగుతా ఉందండి. కంచికచర్ల దాటాక మూలగడం ఆగింది. నిద్ర పట్టిందనుకున్నా. కుదుపు లేకుండా, నెమ్మదిగా తోలుకుంటా పోయా. ఆస్పత్రి దగ్గర తలుపు తీస్తే..."

జగన్నాథరావు గారు చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ కారు ఆనాడు ఆయనే ఇచ్చి పంపించారు. అయినా ఈ మాట ఇన్నాళ్ళూ ఆయనకు తెలియదు, ఎవరికీ తెలియదు. లోపల గుమ్మంలో ప్రమీలారాణి గారు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పెద్దమ్మగార్ని నేను తీసుకొస్తానని అనలేనండి. వేరే మనిషినే పంపండి" అన్నాడు కోటిలింగం.

జగన్నాథరావు గారు ఆ సాయంత్రం ఏమీ తేల్చలేదు. పొద్దున స్నానం చేసి, విభూతి పెట్టుకుని కారు దగ్గరికి వచ్చారు. వెనక తలుపు తియ్యబోయిన కోటిలింగాన్ని వద్దని, ముందు తలుపు తీసుకుని అతని పక్కన కూర్చున్నారు. ఊళ్ళో చూసినవాళ్ళు వింతగా చూశారు.

"పోనియ్. ఎక్కేది అమ్మ కాబట్టి అమ్మనే అడుగుదాం" అన్నారు.

వేదాద్రి సత్రం వసారాలో బసవమ్మ గారు తడిచీర ఆరేస్తూ ఉంది. ఆమెకు అంతా కోటిలింగమే చెప్పాడు. ఆమె చీర అంచులు సరిచేస్తూ వింది, చివరిదాకా అడ్డు పడలేదు.

"వచ్చేటప్పుడు నన్ను సరిగానే తెచ్చావుగా?"

"మీరు మాట్లాడతా వచ్చారండి."

"ఇప్పుడు మాత్రం నా నోరు పడిపోయిందంట్రా?" అని ఆమె మూట అందుకుంది. "ఒరే జగన్నాథం, నువ్వు వెనక్కి పో. నేను ముందు కూచుంటా. కంచికచర్ల మనిషొస్తే నా మోకాళ్ళ నెప్పి సంగతి మొదణ్ణించీ చెప్పుకు రావాలి. వీడికైతే సగం తెలుసు. ఇక వీణ్ణి ఒంటరిగా ఎక్కడికీ పంపబాక. ఖాళీబండి తోలాల్సొస్తే ఎవర్నో ఒకర్ని ఎక్కించి పంపు. మాట్లాడేవాళ్ళకు కరువా మన ఊళ్ళో!"

స్వామి గోపురానికి దణ్ణం పెట్టుకుని ఆమె ముందుసీట్లో కాళ్ళు మడిచి కూర్చుంది. మాట్లాడుతూనే ఉంది. సత్రంలో పప్పులో ఉప్పు వెయ్యని వంటమనిషి గురించి, కృష్ణలో దీపం వదిలితే వెనక్కే వచ్చిన జగ్గయ్యపేట కోమటావిడ గురించి, తన చిన్నప్పటి పొడిచే గేదె గురించి. కోటిలింగం ఊ కొట్టాడు. వాగు వచ్చింది, గేదె కథ సగంలో ఉంది. నాపరాయిని పక్కన వదిలి కారు అవతలి గట్టెక్కింది. గేదె ఎవర్నో పొడిచింది.

చిల్లకల్లు దాటి పెద్దరోడ్డెక్కాక ఎండ తగ్గి గాలి చల్లగా తగిలింది. బసవమ్మ గారి మాటలు నెమ్మదించాయి. ఇంకో మాట మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. తల తలుపుకు ఆనింది. తెల్లవారుజాము స్నానాల నిద్ర అంతా ఆమె మీదికి ఒక్కసారి వచ్చినట్టుంది.

కారులో చప్పుడు ఆగిపోయింది.

కోటిలింగం చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. రోడ్డు అలాగే ముందుకు పోతోంది.

వెనక జగన్నాథరావు గారు గొంతు సవరించుకున్నారు. ఆయనకు మాటలు వెతుక్కోవడం రాదు. కిటికీలోంచి చూసి, "జొన్న చేలు" అన్నారు.

కాసేపటికి మళ్ళీ, "ఇది బాగానే కంకేసింది. దాని పక్కది మాత్రం... విత్తనం ఆలస్యంగా వేసినట్టున్నారు."

"ఊ" అన్నాడు కోటిలింగం.

"ఇది మిరప. పోయినేడు దీన్నిండా తెగులొచ్చింది. ఈ యేడు... ఫరవాలేదు." ఆయన ముందుకు వంగి, ముందుసీటు వెనక రెండు చేతులూ ఆనించి, దారిలో వచ్చే చేలన్నీ ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టారు. "పత్తి. ఇది మళ్ళీ జొన్న. ఇదెవరిదో, బీడు పెట్టారు పాపం."

"ఆ బీడు మునసబు గారిదండి" అన్నాడు కోటిలింగం.

"అవునా?" అన్నారు జగన్నాథరావు గారు. "ఎందుకు పెట్టాడంటావు?"